పందికొక్కు పేరు ఆస్ట్రేలియా అడవికి ఎలా చేరింది? ‘బ్యాండికూట్’ మాటపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియా అడవుల్లో తిరిగే ‘బ్యాండికూట్’ అనే చిన్న జంతువు పేరు తెలుగు మాట నుంచి వచ్చిందని చెప్పగానే కొందరు సంతోషిస్తారు, కొందరు నమ్మరు, ఇంకొందరు మన పందికొక్కులే ఓడెక్కి అక్కడికి వెళ్లాయనుకుంటారు. ఈ సందేహాలే మళ్లీ మళ్లీ వస్తున్నందున వాటికి ఇక్కడ ఒకచోట సమాధానాలు రాశాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మాట పుట్టిన చోటు

‘బ్యాండికూట్’ నిజంగా తెలుగు మాటేనా, లేక మనవాళ్లు గొప్ప కోసం చెప్పుకుంటున్నారా?

నిజంగా తెలుగు మాటే. ఇంగ్లీషు భాషకు ప్రామాణికంగా భావించే పెద్ద నిఘంటువులన్నీ ఈ మాటకు మూలం తెలుగు ‘పందికొక్కు’ అనే చెబుతాయి. ప్రపంచంలోని ప్రతి మాటకూ తెలుగు మూలం వెతికే ఉత్సాహం మనలో కొందరికి ఉన్న మాట వాస్తవమే కాబట్టి అనుమానించడంలో తప్పు లేదు. అయితే ఈ ఒక్క మాట విషయంలో ధ్వని, అర్థం, ఇంగ్లీషువారు దానిని విన్న ప్రాంతం, వాడిన కాలం అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంగ్లీషులోకి మొదట చేరినప్పుడు ఈ మాట మన పొలాల్లోని పెద్ద ఎలుకనే సూచించింది. ఆస్ట్రేలియా జంతువుకు అది తరువాత వచ్చిన అర్థం.

పందికొక్కులో ‘పంది’ తెలుసు, మరి ‘కొక్కు’ అంటే ఏమిటి?

‘కొక్కు’ అన్నా పెద్ద ఎలుక, పందికొక్కు అనే అర్థం. ఇప్పుడు ఆ మాటను ఒంటరిగా వాడేవారు తగ్గిపోయినా, పాత నిఘంటువులు దానిని స్వతంత్రమైన పదంగానే నమోదు చేశాయి. దానికి ముందు ‘పంది’ చేరడంతో పంది వంటి కొక్కు అనే సమాసం ఏర్పడింది. ఇంగ్లీషు నిఘంటువులు దీనిని ‘పంది ఎలుక’ అని అనువదిస్తాయి. ఆ అనువాదం సరైనదే. ‘కొక్కెం’, ‘కొక్కిరాయి’ వంటి మాటలతో దీనిని ముడిపెట్టి కొందరు చెప్పే వ్యుత్పత్తులు వినడానికి సరదాగా ఉంటాయి కానీ వాటికి ఆధారం లేదు.

ఎలుకకు పంది పేరు ఎందుకు పెట్టారు?

పందికొక్కును దగ్గరగా చూసిన రైతుకు ఈ ప్రశ్న రాదు. పెద్ద పందికొక్కు తోకను మినహాయించి దాదాపు అడుగు పొడవు వరకు పెరుగుతుంది. బాగా మేసినది కిలో బరువు వరకు తూగుతుంది. వీపు మీద మామూలు బొచ్చును దాటుకుని పైకి పొడుచుకు వచ్చే బిరుసైన పొడవాటి వెంట్రుకలు ఉంటాయి, కోపం వచ్చినప్పుడు అవి నిక్కబొడుచుకుంటాయి. బోనులో చిక్కినా, కుక్క తరిమినా అది కిచకిచలాడి ఊరుకోదు, పందిలా గుర్రుమంటుంది. పైగా గట్లను, గాదెల అడుగు నేలను, గోడల పునాదులను తవ్విపోస్తుంది. ఆకారం, వెంట్రుకలు, అరుపు, తవ్వుడు ఈ నాలుగింటిలో ఏది ముందుగా పేరు పెట్టినవారి మనసులో మెదిలిందో చెప్పలేము కానీ, నా మటుకు నాకు ఆ అరుపే బలమైన కారణంగా తోస్తుంది. చీకట్లో జంతువు కనిపించదు, గుర్రు మాత్రం వినిపిస్తుంది.

పక్క భాషలవాళ్లు కూడా దీనిని పందితోనే పోలుస్తారా?

అందరూ కాదు. తమిళంలో ‘పెరుచ్చాళి’, మలయాళంలో ‘పెరుచ్చాళి’ని పోలిన మాటే వాడతారు, అక్కడ ‘పెరు’ అనే ముందుభాగం పెద్దదనాన్ని చెబుతుంది, పంది ఊసు లేదు. కన్నడంలో ‘హెగ్గణ’ అంటారు. హిందీలోనూ, మరాఠీలోనూ ‘ఘూస్’ అనే మాట ఉంది. విచిత్రంగా హిందీలో లంచాన్ని కూడా ‘ఘూస్’ అనే పలుకుతారు. ఆ పోలికను వ్యంగ్య రచయితలు వదిలిపెట్టరు. మన లాగే పందిని తలచుకున్నవారు సింహళీయులు. శ్రీలంకలో దీనిని ‘ఊరు మీయా’ అంటారు, ‘ఊరు’ అంటే పంది, ‘మీయా’ అంటే ఎలుక. అంటే తెలుగు పేరుకు అర్థంలో అచ్చంగా సరిపోయే జోడీ సముద్రం అవతల ఉన్న ఆ ద్వీపంలో దొరుకుతుంది.

వినాయకుడి వాహనం ఎలుకా, పందికొక్కా?

సంస్కృతంలో చెప్పేది ‘మూషికం’ అని. ఆ మాట చిట్టెలుకకూ పెద్ద ఎలుకకూ వర్తిస్తుంది. అయితే తెలుగులో వినాయకుడికి ‘కొక్కురౌతు’ అనే పాత పేరు ఒకటి ఉంది. రౌతు అంటే సవారీ చేసేవాడు. కొక్కు మీద స్వారీ చేసే దేవుడు అని దాని భావం. తమిళులలోనూ స్వామి వాహనం పెరుచ్చాళి అని చెప్పుకునేవారు ఎక్కువ. అంత బొజ్జ ఉన్న దేవుడిని మోయడానికి చిట్టెలుక చాలదని మన పూర్వులకు తోచి ఉంటుంది. ఇంగ్లీషు ‘బ్యాండికూట్’లోని రెండో సగం, వినాయకుడి పేరులోని మొదటి సగం ఒకే మాట అన్నది పిల్లలకు చెప్పదగిన సంగతి.

## మాట ఇంగ్లీషుకు చేరిన తీరు

ఇంగ్లీషువాళ్లు హిందీ, తమిళ పేర్లు వదిలేసి తెలుగు మాటనే ఎందుకు తీసుకున్నారు?

వారి తొలి నివాసాలు ఎక్కడున్నాయో చూస్తే ఇది అర్థమవుతుంది. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. 1639లో మద్రాసు నేలను సంపాదించుకున్న తరువాత కూడా ఆ పట్నంలో కంపెనీకి దుబాసీలుగా, వర్తకులుగా పనిచేసినవారిలో తెలుగువారు చాలామంది ఉండేవారు. తెలుగును ఆ రోజుల్లో ఇంగ్లీషువారు ‘జెంటూ’ అని పిలిచేవారు. 1760ల నుంచి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి రావడంతో కృష్ణా, గోదావరి డెల్టాల వ్యవహారాలన్నీ వారి లెక్కల్లోకి చేరాయి. బియ్యం బస్తాలు నిల్వ చేసే గిడ్డంగుల్లో ప్రతి రాత్రీ నష్టం కలిగించే జంతువు పేరు వారు ముందుగా ఎవరి నోట విన్నారో ఊహించడం కష్టం కాదు. ఒకసారి కంపెనీ నౌకర్ల ఇంగ్లీషులో కుదురుకున్న మాట కలకత్తాకూ బొంబాయికీ వారితో పాటే వెళ్లింది. అందుకే తెలుగు తెలియని ప్రాంతాలలోని ఇంగ్లీషు రాతల్లో కూడా ఇదే పేరు కనిపిస్తుంది.

‘పంది’ కాస్తా ‘బ్యాండి’ ఎలా అయింది? ‘కొక్కు’ చివర ‘ట్’ ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి మార్పుకు కారణం ఉచ్చారణలో ఉంది. ఇంగ్లీషువారు మాట మొదట్లో వచ్చే ‘ప’ను కొంచెం గాలి వదిలి, మన ‘ఫ’ ఒత్తుకు దగ్గరగా పలుకుతారు. మనం ‘పంది’ అన్నప్పుడు ఆ గాలి ఉండదు కాబట్టి వారి చెవికి అది ‘బ’ లాగా వినిపించే అవకాశం ఎక్కువ. చివరి భాగం సంగతి కొంత ఊహకు సంబంధించినది. ‘కొక్కు’లోని రెండో ‘క’ ‘ట్’గా మారడానికి ధ్వని నియమం ఏదీ కనిపించదు. అయితే ‘కూట్’ అనే నీటిపక్షి పేరు ఇంగ్లీషులో అప్పటికే వాడుకలో ఉంది; అర్థం తెలియని పరాయి మాటను నోరు తిరిగిన సొంత మాట వైపు లాక్కోవడం అన్ని భాషలవారూ చేసే పనే. మనం ‘హాస్పిటల్’ను ఆసుపత్రిగా మలచుకుని, ‘పత్రి’ అనే తెలిసిన ముక్కను అందులో వినిపింపజేసినట్లే ఇదీ జరిగి ఉండవచ్చు.

ఈ మాట ఇంగ్లీషు రాతల్లో ఎప్పటి నుంచి కనిపిస్తుంది?

18వ శతాబ్దం చివరి భాగం నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. 1789లో అచ్చయిన ఒక సైనికాధికారి అనుభవాలలో ఈ పేరు ఉంది. తమాషా ఏమిటంటే ఆయన బ్యాండికూట్‌నూ, దుర్వాసన కొట్టే చుంచునూ ఒకటిగా కలిపేశాడు. చుంచెలుక అసలు ఎలుకల కుటుంబానికే చెందదు, పురుగులను తినే వేరే జాతి. పేరు రాతకెక్కక ముందే జంతువు మాత్రం యాత్రికుల దృష్టిలో పడింది. 14వ శతాబ్దంలో దేవగిరికి వచ్చిన ఇబ్న్ బతూతా, అక్కడి కోట చెరసాలలో పిల్లులకంటే పెద్దవైన ఎలుకలు ఉన్నాయనీ, పిల్లులే వాటిని చూసి పారిపోతాయనీ రాశాడు. ఆయన చెప్పినవి పందికొక్కులే అని చాలామంది భావిస్తారు. పిల్లి పారిపోవడం అతిశయోక్తి అనుకునేవారు మన పల్లెటూళ్లలో ఎవరినైనా అడగవచ్చు.

పందికొక్కు శాస్త్రీయ నామంలోనే తెలుగు ఉందంటారు, అది నిజమా?

నిజమే. 1873లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి ‘బ్యాండికోటా’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు మాటకు లాటిన్ తరహా ముగింపు తగిలించడమే ఆయన చేసిన పని. ఈ ప్రజాతిలో ప్రస్తుతం మూడు జాతులను గుర్తిస్తున్నారు. ‘బ్యాండికోటా ఇండికా’ మన పెద్ద పందికొక్కు. ‘బ్యాండికోటా బెంగాలెన్సిస్’ పరిమాణంలో చిన్నది, వరి పొలాలకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. కంకులను కొరికి బొరియల్లోకి చేరవేసి దాచుకుంటుంది. కోతల తరువాత యానాదులు ఆ బొరియలను తవ్వి గింజలు ఏరుకోవడం కోస్తా జిల్లాల్లో పాత అలవాటు. మూడోదైన ‘బ్యాండికోటా సావిలీ’ ఆగ్నేయాసియాలో ఉంటుంది. ఈ విధంగా బర్మా, థాయిలాండ్‌లలోని ఎలుక కూడా శాస్త్రగ్రంథాలలో తెలుగు పేరునే మోస్తోంది.

ఇంగ్లీషు ‘మంగూస్’ కూడా మన ‘ముంగిస’ నుంచే వెళ్లిందా?

నేరుగా వెళ్లిందని చెప్పలేము. ఇంగ్లీషులోకి అది మరాఠీ ‘ముంగూస్’ ద్వారా చేరిందనే నిఘంటువులు చెబుతాయి. తెలుగు ‘ముంగిస’, కన్నడ ‘ముంగుసి’ ఆ మరాఠీ మాటకు బంధువులు. మరాఠీలోకే ద్రావిడ భాషల నుంచి వెళ్లి ఉండవచ్చన్న అభిప్రాయం ఉంది. కాబట్టి ముంగిసను తెలుగు ఖాతాలో వేసేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం; పందికొక్కు విషయంలో ఆ సంకోచం అక్కర్లేదు.

## ఆస్ట్రేలియా అడవిలో

మన పందికొక్కులను ఓడల్లో ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారా?

లేదు. వెళ్లింది పేరు మాత్రమే. ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అని పిలిచే జంతువులు లక్షల ఏళ్లుగా ఆ ఖండంలోనే పుట్టి పెరిగినవి. వాటికీ మన ఎలుకలకూ వంశ సంబంధం లేదు. ఓడల ద్వారా అక్కడికి చేరిన ఎలుకలు వేరే ఉన్నాయి. ఓడ ఎలుక, ఇంట్లో తిరిగే చిట్టెలుక యూరోపియన్ల నౌకలతోనే ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాయి, కానీ వాటిని ఎవరూ బ్యాండికూట్ అనరు.

మరి సంబంధం లేని జంతువుకు ఆ పేరు ఎలా అంటుకుంది?

1788లో సిడ్నీలో బ్రిటిష్ వలస మొదలయ్యేనాటికి ‘బ్యాండికూట్’ అంటే పెద్ద ఎలుక అని భారతదేశంతో పరిచయమున్న ఇంగ్లీషువారందరికీ తెలుసు. కొత్త వలసకు తిండిగింజలు, బట్టలు, సారా వంటివి ఇంగ్లండు నుంచి రావాలంటే నెలలు పట్టేది. అందువల్ల కలకత్తా నుంచి సరుకులు తెప్పించుకోవడం త్వరలోనే మొదలైంది. 1797లో కలకత్తా నుంచి సిడ్నీకి సరుకుతో వెళ్తూ టాస్మేనియా దగ్గరి ప్రిజర్వేషన్ దీవి వద్ద దెబ్బతిన్న ‘సిడ్నీ కోవ్’ ఓడ కథ ఆస్ట్రేలియా చరిత్రలో ప్రసిద్ధం. అధికారులు, సిపాయిలు, నావికులు రెండు చోట్లా పనిచేసినవారే. అలాంటివారికి పొదల్లోంచి రాత్రిపూట బయటికి వచ్చి, పొడవాటి ముక్కుతో నేల తవ్వే, ఎలుక కంటే పెద్దదైన జంతువు కనిపించగానే తెలిసిన పేరు నోటికి వచ్చింది. 18వ శతాబ్దం చివర మొదలైన ఈ వాడుక 19వ శతాబ్దం తొలి దశాబ్దాలలో స్థిరపడింది.

నేల తవ్వడం అనే ఒక్క పోలిక ఇక్కడ చాలా దూరం లాక్కొచ్చింది. మన రైతు పందిని చూసి ఎలుకకు పేరు పెట్టాడు, ఇంగ్లీషు నావికుడు ఆ ఎలుకను తలచుకుని ఇంకొక జంతువుకు పేరు పెట్టాడు. ఆస్ట్రేలియా బ్యాండికూట్ ముట్టెతో మట్టి పెళ్లగించే తీరును చూస్తే, ఎలుక కంటే పందే గుర్తుకొస్తుంది.

రెండింటికీ చుట్టరికం అసలే లేదా? ఎంత తేడా?

రెండూ క్షీరదాలే, అంతకుమించి దగ్గరి సంబంధం లేదు. పందికొక్కు మూషిక జాతి, దాని ముందు పళ్లు జీవితాంతం పెరిగే ఉలుల వంటివి. ఆస్ట్రేలియా బ్యాండికూట్ కంగారూ లాగా పిల్లలను సంచిలో పెంచే మార్సూపియల్. ఈ రెండు శాఖల పూర్వీకులు విడిపోయి దాదాపు 16 కోట్ల ఏళ్లు అయిందని అంచనా. ఆ లెక్కన పందికొక్కుకు బ్యాండికూట్ కంటే ఏనుగే దగ్గరి బంధువు, మనిషి కూడా.

బ్యాండికూట్ శరీరం విశేషాలు తెలుసుకోదగినవి. కొన్ని జాతులలో గర్భం పన్నెండు రోజులకు కాస్త మించి మాత్రమే ఉంటుంది. క్షీరదాలలో ఇంత తక్కువ కాలం గర్భం మోసేవి అరుదు. తల్లి సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడదు. వెనక కాళ్లలో రెండు వేళ్లు చర్మంతో అతుక్కుని ఉంటాయి, వాటితో అది బొచ్చు దువ్వుకుంటుంది. తిండి ప్రధానంగా పురుగులు, వానపాములు, వేర్లు, పుట్టగొడుగులు. ధాన్యం గాదెల జోలికి పోదు.

ఇంగ్లీషువాళ్లు రాకముందు అక్కడి ఆదివాసులు వీటిని ఏమని పిలిచేవారు?

ఆస్ట్రేలియాలో వందలాది ఆదివాసీ భాషలు ఉండేవి, ఒక్కో భాషకు ఒక్కో పేరు ఉండేది. వాటిలో కొన్ని ఇప్పుడు ఇంగ్లీషులోకి తిరిగి వస్తున్నాయి. నైరుతి ప్రాంతంలోని నూంగార్ ప్రజల మాట ‘క్వెండా’. పెర్త్ చుట్టుపక్కల కనిపించే బ్యాండికూట్‌ను ఇప్పుడు అక్కడివారు ఎక్కువగా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పొడవాటి చెవులున్న, ఇదే వర్గానికి చెందిన ‘బిల్బీ’ పేరు న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలోని యువాలరాయ్ భాష నుంచి వచ్చింది. ఈస్టర్ పండుగకు కుందేలు బొమ్మ చాక్లెట్ల బదులు బిల్బీ బొమ్మలవి అమ్మే అలవాటు కూడా అక్కడ మొదలైంది, ఎందుకంటే బయటి నుంచి తెచ్చిన కుందేళ్లు ఆ దేశపు పొలాలకూ అడవులకూ చేసిన నష్టం అంతా ఇంతా కాదు. నా అభిప్రాయంలో, తెలుగు మాట అక్కడ నిలిచినందుకు మనం సంతోషించడంలో తప్పులేదు కానీ, ఆ మాట కింద ఎన్నో స్థానిక పేర్లు మరుగున పడ్డాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియా బ్యాండికూట్‌ల శాస్త్రీయ నామంలో కూడా తెలుగు మాట ఉందా?

లేదు. అక్కడి ప్రధాన ప్రజాతి పేరు ‘పెరమెలిస్’. సంచి అనే అర్థమిచ్చే మాటనూ, బ్యాడ్జర్ అనే యూరప్ జంతువు లాటిన్ పేరునూ కలిపి ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జోఫ్రువా 19వ శతాబ్దం మొదట్లో దానిని తయారు చేశాడు. సంచి ఉన్న బ్యాడ్జర్ అని భావం. అంటే ఇంగ్లీషువారు దానిలో ఎలుకను చూస్తే ఫ్రెంచివారు బ్యాడ్జర్‌ను చూశారు. తెలుగు మాట శాస్త్రీయ నామంగా మిగిలింది ఆసియా ఎలుకలకే.

‘పంది కాళ్ల బ్యాండికూట్’ అని ఒకటి ఉండేదట, అంటే పేరులో పంది రెండుసార్లు వచ్చినట్లేనా?

అవును, ఆ పేరు పెట్టినవారికి తెలియకుండానే అలా జరిగింది. ఈ జంతువు ముందు కాళ్లకు రెండేసి వేళ్లు మాత్రమే నేలకు ఆనేవి, చూడడానికి చిన్న పంది గిట్టల్లా ఉండేవి. అందుకే ఇంగ్లీషులో దానిని పంది కాళ్ల బ్యాండికూట్ అన్నారు. బ్యాండికూట్‌లోనే ‘పంది’ దాగి ఉందన్న సంగతి ఆ ఇంగ్లీషువారికి గుర్తుండి ఉండదు. దాని ప్రజాతి పేరు ‘కీరోపస్’. గ్రీకులో దానికీ పంది కాలు అనే అర్థం.

ఈ జంతువు పేరులో మరొక పొరపాటు శాశ్వతంగా నిలిచిపోయింది. 1836లో థామస్ మిచెల్ అన్వేషణ బృందానికి మర్రే నది ప్రాంతంలో దొరికిన నమూనాకు తోక లేదు, ఎలాగో ఊడిపోయింది. 1838లో దానిని వర్ణించిన విలియం ఓగిల్బీ ఆ జాతికే తోక ఉండదనుకుని ‘ఎకాడేటస్’, అంటే తోక లేనిది, అని నామకరణం చేశాడు. ఆ తరువాత దొరికిన వాటన్నింటికీ చక్కటి తోకలు ఉన్నాయి. అయినా శాస్త్రీయ నామాల నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి తోక ఉన్న జంతువు ‘తోక లేనిది’గానే మిగిలింది. జంతువు మాత్రం మిగలలేదు. 20వ శతాబ్దంలో అది పూర్తిగా అంతరించింది. 2019లో మ్యూజియంలలోని పాత నమూనాలను మళ్లీ పరిశీలించి, వాటిలో రెండు వేర్వేరు జాతులు కలిసి ఉన్నాయని తేల్చి, రెండోదానికి ‘కీరోపస్ యిర్రాట్జి’ అని పేరు పెట్టారు. ‘యిర్రాట్జి’ ఆదివాసులు ఆ జంతువుకు వాడిన పేరు.

ఒక్క బ్యాండికూట్‌కేనా ఇలా జరిగింది, లేక వేరే జంతువులకూ అరువు పేర్లు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని ‘పాసమ్’కు ఆ పేరు అమెరికాలోని ‘అపాసమ్’ నుంచి వచ్చింది, అది అక్కడి మూలవాసుల భాషలోని మాట. పెద్ద ఉడుము ‘గోవానా’ పేరు ‘ఇగ్వానా’ నుంచి పుట్టిందే. పెర్త్ దగ్గరి ‘రాట్‌నెస్ట్’ దీవికి ఎలుకల గూడు అనే అర్థమున్న డచ్చి పేరు రావడానికి కారణం, 1696లో అక్కడికి వచ్చిన నావికుడు విల్లెం డి వ్లామింగ్ ‘క్వోకా’ అనే చిన్న మార్సూపియల్‌లను పెద్ద ఎలుకలనుకోవడమే. కొత్త దేశం చేరినవారు తమకు తెలిసిన జంతువు పేరునే పట్టుకుని వేలాడడం చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

బెండిగో నగరం పేరు కూడా బ్యాండికూట్ నుంచే వచ్చిందట?

కాదు. విక్టోరియా రాష్ట్రంలో 1850ల బంగారు గనులతో ప్రసిద్ధికెక్కిన బెండిగోకు ఆ పేరు ‘బెండిగో’ అనే మారుపేరున్న ఇంగ్లండు ముష్టియోధుడు విలియం అబెడ్నెగో థాంప్సన్ వల్ల వచ్చింది. పందికొక్కు నుంచి బెండిగో అనేది వినడానికి బాగుండే కథ మాత్రమే. దానిని వదిలేయడం మంచిది.

## ఇవాళ్టి వాడుకలో

ఆస్ట్రేలియా వాళ్ల మాటల్లో బ్యాండికూట్ ఎలా వినిపిస్తుంది?

అక్కడ దీనిని క్రియగా కూడా వాడతారు. పక్కవాడి తోటలో బంగాళదుంప మొక్కను పైకి కదిలించకుండా, ఆకులు అలాగే నిలబడి ఉండేటట్లు, కింది దుంపలు మాత్రం చేత్తో తవ్వి దొంగిలించడాన్ని ‘బ్యాండికూట్ చేయడం’ అంటారు. రైతుకు మొక్క పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే ఏమీ ఉండదు. ఇది విన్నప్పుడు మన గాదెల కింద తవ్వే అసలు పందికొక్కే గుర్తుకు రావడం సహజం. దిగులుగా ఉన్నవాడిని, చేతిలో చిల్లిగవ్వ లేనివాడిని కూడా బ్యాండికూట్‌తో పోల్చే జాతీయాలు అక్కడ ఉన్నాయి.

తెలుగులో పందికొక్కు ఎప్పుడూ తిట్టుగానే ఎందుకు వస్తుంది?

ధాన్యం మీద బతికిన సమాజానికి ధాన్యం తినే జంతువు శత్రువు. ‘పందికొక్కులా బలిశాడు’, ‘ప్రజల సొమ్మును పందికొక్కుల్లా మెక్కారు’ అనే మాటలు ఎన్నికల సభల్లో వినని సంవత్సరం ఉండదు. గమనించవలసినది ఏమిటంటే, తెలుగు తిట్టులో ఎప్పుడూ ఇతరుల కష్టాన్ని చాటుగా తినేసే గుణమే ఉంటుంది, మురికి ప్రస్తావన తక్కువ. అంటే తిట్టు కూడా జంతువును సరిగ్గా గమనించే పుట్టింది.

మేము సిడ్నీలో ఉంటాము. పెరట్లో రాత్రిపూట పందికొక్కు లాంటిది తిరుగుతోంది, పచ్చికలో గుంతలు పడుతున్నాయి. మందు పెట్టవచ్చా?

ముందు అది ఏ జంతువో తేల్చుకోండి. పచ్చికలో గరాటు ఆకారంలో, పైన వెడల్పుగా కింద సన్నగా ఉండే చిన్న గుంతలు కనిపిస్తే అవి బ్యాండికూట్ ముట్టె గుచ్చిన గుర్తులు. ఎలుక అయితే గోడ వారగా, రాళ్ల కింద గుండ్రటి బొరియ నోరు కనిపిస్తుంది. బ్యాండికూట్ ముఖం పొడవుగా, కోసుగా ఉంటుంది, తోక ఎలుక తోక కంటే పొట్టిగా ఉంటుంది, పరుగులో చిన్న గెంతు కనిపిస్తుంది.

సిడ్నీ ఉత్తర శివార్లలో పొడవు ముక్కు బ్యాండికూట్, బ్రిస్బేన్‌లో ఉత్తరాది గోధుమరంగు బ్యాండికూట్, పెర్త్‌లో క్వెండా ఇళ్ల పెరళ్లలోకి వస్తుంటాయి. ఇవన్నీ చట్టం రక్షణ ఉన్న స్థానిక వన్యప్రాణులు. విషం పెట్టడం, పట్టడం, చంపడం నేరం. ఎలుకల మందు తిన్నా అవి చనిపోతాయి కాబట్టి ఎలుకల కోసం పెట్టే మందు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. నిజానికి పచ్చిక వేళ్లను తినే పురుగులను ఏరి తినడానికే అవి గుంతలు చేస్తాయి. రాత్రిపూట పిల్లిని, కుక్కను లోపల ఉంచితే వాటికి చాలా మేలు. పందికొక్కు అనే పేరు వినగానే మన చేతికి కర్ర రావడం అలవాటే గానీ, అక్కడ ఆ అలవాటు చెల్లదు.

ఆస్ట్రేలియా బ్యాండికూట్‌లు అంతరించిపోతున్నాయా?

కొన్ని జాతులు ఇప్పటికే పోయాయి, కొన్ని ప్రమాదంలో ఉన్నాయి, కొన్ని బాగానే ఉన్నాయి. బయటి నుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు వీటికి ప్రధాన శత్రువులు. పొదలు కొట్టేయడం రెండో కారణం. తూర్పు చారల బ్యాండికూట్ కథ మాత్రం ఊరటనిస్తుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో అది సహజ పరిసరాల నుంచి పూర్తిగా కనుమరుగైంది. రక్షణలో పెంచిన వాటిని కంచెలు కట్టిన ప్రాంతాలలోనూ, ఫిలిప్ దీవి, ఫ్రెంచ్ దీవి వంటి నక్కలు లేని చోట్లా వదిలారు. వాటి సంఖ్య నిలదొక్కుకోవడంతో 2021లో విక్టోరియా ప్రభుత్వం దాని స్థాయిని ‘సహజ పరిసరాలలో అంతరించినది’ నుంచి ‘ప్రమాదంలో ఉన్నది’కి మార్చింది.

వీడియో గేములోని క్రాష్ బ్యాండికూట్, మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బ్యాండికూట్ రోబో ఏ జంతువు పేరు పెట్టుకున్నాయి?

1996లో వచ్చిన ‘క్రాష్ బ్యాండికూట్’ గేములోని పాత్ర ఆస్ట్రేలియా జంతువు. తూర్పు చారల బ్యాండికూట్ అని దాని సృష్టికర్తలు చెప్పారు, నారింజ రంగు మాత్రం వారి కల్పన. కేరళలోని జెన్‌రోబోటిక్స్ సంస్థ తయారు చేసిన మ్యాన్‌హోల్ రోబో పేరు కూడా ‘బ్యాండికూట్’. 2018లో తిరువనంతపురంలో దానిని ప్రవేశపెట్టారు. మురుగు కాలువల్లో దిగే పని కాబట్టి దానికి మన ఎలుకే సరిపోతుంది.

తెలుగులో ఆస్ట్రేలియా జంతువు గురించి రాసేటప్పుడు ‘పందికొక్కు’ అనాలా, ‘బ్యాండికూట్’ అనాలా?

‘బ్యాండికూట్’ అనే రాయాలి. మాట మనదే కదా అని ‘ఆస్ట్రేలియా పందికొక్కు’ అని రాస్తే పాఠకుడి కళ్ల ముందు గాదె కింది ఎలుక మెదులుతుంది, సంచిలో పిల్లలను మోసే జంతువు కాదు. అదే విధంగా మన ఎలుకల గురించి తెలుగులో రాసేటప్పుడు ‘బ్యాండికూట్ ర్యాట్’ అనవలసిన పని లేదు. వ్యవసాయ కరపత్రాలలో ఈ మధ్య ఆ వాడుక కనిపిస్తోంది కానీ పందికొక్కు అంటే చాలు, రైతుకు వెంటనే తెలుస్తుంది. పిల్లల పుస్తకాలలో మాత్రం ‘బ్యాండికూట్ (ఈ పేరు తెలుగు పందికొక్కు నుంచి వచ్చింది, జంతువు వేరు)’ అని ఒక్కసారి చెప్పి ముందుకు సాగవచ్చు.